లగ్జరీ కారులో హెచ్‌యూడీకి డబ్బులు పెట్టొచ్చా? వాడినవాళ్లే చెప్పండి

ఓఆర్‌ఆర్_సూరి (నల్లగండ్ల)
అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం తక్కువ. ఒక జర్మన్ ఎస్‌యూవీ దాదాపు ఖాయం చేసుకున్నాను. చిక్కంతా వేరియంట్ దగ్గరే. పై వేరియంట్‌కీ కింది దానికీ ఆన్‌రోడ్ తేడా 4 లక్షల 60 వేలు. ఆ డబ్బుకి వచ్చేవి మూడు: ఖరీదైన స్పీకర్లు, వెనక సీట్లకి విడిగా ఏసీ కంట్రోలు, హెడ్-అప్ డిస్‌ప్లే (హెచ్‌యూడీ, అంటే స్పీడు లాంటివి డ్రైవర్ కళ్లెదుటే చూపించేది). స్పీకర్లు నాకు అక్కర్లేదు, కారెక్కితే పాటలకంటే మా ఆవిడ మాటలే ఎక్కువ వింటాను. వెనక కూర్చునేవాళ్లు ఏడాదికి నాలుగుసార్లు వస్తారు. అంటే తేల్చుకోవాల్సింది హెచ్‌యూడీ ఒక్కటే.

షోరూమ్ కుర్రాడు పావుగంట తిప్పాడు. "ఫైటర్ జెట్‌లో కూర్చున్నట్టుంటుంది సార్" అన్నాడు. నిజమే, బాగుంది. పావుగంటలో ఏదైనా బాగానే ఉంటుంది కదా. ఆర్నెల్ల తర్వాత కూడా దానివైపు చూస్తామా?

నా సంగతి: వయసు 49, ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు. నెలకి రెండుసార్లు తెనాలి ప్రయాణం, డ్రైవర్ లేడు. రోజూ ఆఫీసుకి ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీదే. ఈ ఏడాది రెండు స్పీడ్ చలాన్లు పడ్డాయి.

బడ్జెట్_బాబాయ్ (ఖమ్మం)
నాలుగున్నర లక్షలు పెట్టి అంకె చూడటమా! ఆ అంకె స్టీరింగ్ వెనకాల ఎప్పటినుంచో ఉచితంగా కనిపిస్తూనే ఉంది. మా ఇంట్లో 2022 బలెనో పై వేరియంట్ ఉంది. అందులోనూ హెచ్‌యూడీ ఉంది. మొదటి వారం వచ్చిన చుట్టాలందరికీ చూపించాం. ఇప్పుడు ఆ ప్లాస్టిక్ బిళ్ల మీద దుమ్ము తుడవడం ఒక పని అయింది. బటన్ నొక్కి పడుకోబెట్టేశాను.

టెస్ట్‌డ్రైవ్_తార (కొండాపూర్)
బాబాయ్ గారూ, మీరు చెబుతున్నదీ సూరి గారు అడుగుతున్నదీ పేరుకే ఒకటి. మీ కార్లో ఉన్నది కంబైనర్ రకం. డ్యాష్‌బోర్డ్ మీదికి చిన్న పారదర్శక బిళ్ల లేస్తుంది, బొమ్మ దాని మీద పడుతుంది. 2019లో వచ్చిన మొదటి సెల్టోస్‌లోనూ అదే పద్ధతి. ఆయన చూస్తున్నది నేరుగా ముందద్దంలో కనిపించే రకం. బొమ్మ అద్దం మీద అతికించినట్టు ఉండదు, బానెట్ చివర గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది.

నేను అద్దం రకం ఉన్న కారుని 34 వేల కిలోమీటర్లు నడిపాను. నా అనుభవం ఇది. పాట పేరు, ఫోన్ ఎవరు చేస్తున్నారు, ఇంధనం ఎంత ఉంది, ఇవన్నీ మొదటి నెలలోనే తీసేశాను. ఇప్పుడు మిగిలినవి మూడే: స్పీడు, ఆ రోడ్డు మీద స్పీడ్ లిమిట్, మలుపు బాణం.

బాణం విలువ ఊళ్లో తెలుస్తుంది. బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ఫ్లైఓవర్ ఎక్కాలా, కింద నుంచే పోవాలా అని చివరి వంద మీటర్లలో మధ్య స్క్రీన్ వైపు తలతిప్పి చూసే బాధ పోయింది. ఆ వంద మీటర్లలోనే కదా ఎడమ నుంచి ఆటో, కుడి నుంచి బుల్లెట్ వచ్చేది.

ఒక హెచ్చరిక. స్పీడ్ లిమిట్ అంకెని గుడ్డిగా నమ్మొద్దు. సర్వీస్ రోడ్డు పక్కన ఉన్న 40 బోర్డుని చదివేసి ఓఆర్‌ఆర్ మీద మనకి 40 చూపించిన సందర్భాలు ఉన్నాయి.

బడ్జెట్_బాబాయ్ (ఖమ్మం)
సరేనమ్మా, గాల్లో తేలనివ్వండి. కిందికి చూసి పైకి చూడటానికి ఎంతసేపు పడుతుంది? నలభై ఏళ్లుగా అలాగే నడుపుతున్నాం కదా.

కళ్లజోడు_డాక్టర్ (రాజమండ్రి)
ఎంతసేపు పడుతుందన్నది కన్ను వయసుని బట్టి ఉంటుంది బాబాయ్ గారూ. ఇది నా వృత్తి కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

దూరంలో ఉన్న లారీని చూస్తున్న కన్ను డ్యాష్‌బోర్డ్ మీటర్ వైపు తిరిగితే రెండు పనులు జరగాలి. చూపు కిందికి దిగాలి, ఇది తేలిక. తర్వాత కంట్లోని కటకం తన ఆకారం మార్చుకుని దగ్గరి వస్తువుకి ఫోకస్ కుదుర్చుకోవాలి. కష్టమంతా ఇక్కడే. మీటర్ మన కళ్లకి సుమారు 75 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అంత దగ్గర చూడాలంటే కన్ను 1.3 డయాప్టర్ల (కళ్లద్దాల పవర్ కొలిచేది వీటిలోనే) శక్తి అదనంగా తెచ్చుకోవాలి. పాతికేళ్లవాడికి అది లెక్కలోకి రాదు. నలభై దాటాక కటకం గట్టిపడుతూ వస్తుంది. దాన్నే మనవాళ్లు చత్వారం అంటారు. కుదరడానికి ఆలస్యమవుతుంది, మళ్లీ దూరానికి వదలడానికీ ఆలస్యమవుతుంది.

హెచ్‌యూడీ బొమ్మ చాలా కార్లలో కంటికి రెండు, రెండున్నర మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. రెండున్నర మీటర్లకి కావలసింది 0.4 డయాప్టర్లే. యాభై ఏళ్ల కన్ను కూడా పెద్దగా శ్రమ లేకుండా చదువుతుంది.

ఇక సూరి గారి ప్రోగ్రెసివ్ అద్దాలు. పైభాగం దూరానికి, అడుగు భాగం చదువుకోవడానికి, మధ్యలో ఒక సన్నటి దారి. డ్యాష్‌బోర్డ్ పడేది సరిగ్గా ఆ సన్నటి దారిలోనే. అందుకే చాలామంది మీటర్ చూడాలంటే గడ్డం కాస్త పైకెత్తుతారు, తమకే తెలియకుండా. రేపు ఒకసారి గమనించుకోండి. హెచ్‌యూడీ అయితే దూరపు చూపు భాగంలోంచే కనిపించే అవకాశం ఎక్కువ.

శుక్లాల ఆపరేషన్‌లో దూరపు చూపుకి సరిపడే లెన్సు వేయించుకున్నవాళ్లకి ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మా నాన్నగారికి 71. రోడ్డు స్పష్టంగా కనిపిస్తుంది, మీటర్ మాత్రం మసక. ఆయన కారులో హెచ్‌యూడీ లేదు. పక్కన కూర్చుని స్పీడు చదివి చెప్పే ఉద్యోగం మా అమ్మది.

కాబట్టి పాతికేళ్ల కుర్రాడు అడిగితే వద్దంటాను. 49 ఏళ్ల మనిషి అడిగితే, ముందు మీ కళ్లద్దాలతోనే ఒక గంట నడిపి చూడమంటాను.

ఓఆర్‌ఆర్_సూరి (నల్లగండ్ల)
డాక్టర్ గారూ, గడ్డం సంగతి ఇప్పుడే మెట్లు దిగి కారులో కూర్చుని చూసుకున్నాను. నిజమే! ఎత్తుతున్నాను. వాచ్‌మన్ వింతగా చూశాడు.

ఇంకో అనుమానం. పగలు డ్రైవింగ్‌కి పవర్ ఉన్న పోలరైజ్డ్ చలవ కళ్లద్దాలు వాడతాను. వాటితో హెచ్‌యూడీ కనబడదని ఎవరో అన్నారు. ఎంతవరకు నిజం?

కటకం (స్టుట్‌గార్ట్)
నిజమే. నేను పనిచేసేది కార్ల డిస్‌ప్లేల ఆప్టిక్స్‌లోనే. కంపెనీ పేరు అడగొద్దు, మా హెచ్‌ఆర్ వాళ్లకి హాస్యం తక్కువ.

డ్యాష్‌బోర్డ్ లోపల ఒక పెట్టె ఉంటుంది. అందులో చిన్న, చాలా కాంతివంతమైన తెర, ఒకటో రెండో అద్దాలు. అందులో ఒకటి పుటాకార దర్పణం. మనం పదో తరగతిలో గీసిన కిరణ చిత్రం గుర్తుందా, మిథ్యా ప్రతిబింబం? అదే ఇక్కడ పనిచేస్తోంది. తెర మీది చిన్న బొమ్మని అది పెద్దది చేసి, దూరంగా ఉన్నట్టు చూపిస్తుంది. చివరిగా ముందద్దం దాన్ని మన కంటివైపు తిప్పుతుంది.

పేచీ ఆ చివరి మెట్టు దగ్గరే. బాగా వాలుగా ఉన్న గాజు మీద పడి తిరిగొచ్చే కాంతిలో అడ్డంగా కంపించే భాగమే ఎక్కువ. తడి రోడ్డు మీద, ఎదురుగా వచ్చే కారు బానెట్ మీద మెరిసే వెలుగు కూడా అలాంటిదే. పోలరైజ్డ్ కళ్లద్దాలు చేసింది సరిగ్గా ఆ వెలుగుని ఆపడానికే. పాపం వాటికి మెరుపేదో, మీ స్పీడేదో తెలియదు, రెండింటినీ ఆపేస్తాయి. తల పక్కకి వంచితే అంకె మళ్లీ వెలగడం చూడొచ్చు. కొన్ని కంపెనీలు దీనికోసం కాంతి దిశ కొంత మార్చి పంపుతున్నాయి, అయినా అన్ని కార్లలోనూ కుదరలేదు. మీ పవర్‌తోనే పోలరైజేషన్ లేని రంగుటద్దాలు చేయించుకోండి, అంతకంటే తేలికైన మందు లేదు.

ఫైటర్ జెట్ అన్నారు కాబట్టి ఒక పక్కమాట. కారుకి ఇది కొత్త కాదు. 1988లో జనరల్ మోటార్స్ వాళ్లు ఓల్డ్స్‌మొబైల్ కట్లస్ సుప్రీమ్‌లో పెట్టారు, ఇండియానాపోలిస్ 500 రేసుకి పేస్ కారుగా (రేసు కార్ల ముందు నడిచే కారు) నడిచిన మోడల్ అది. అంతకు మూడేళ్ల ముందే వాళ్లు హ్యూస్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని కొన్నారు, ఆ విద్య ఇటు వచ్చింది. 1988లోనే జపాన్‌లో నిస్సాన్ సిల్వియాలోనూ వచ్చింది. యూరప్ కార్లలో మొదట తెచ్చింది బీఎండబ్ల్యూ, 2003 నాటి 5 సిరీస్‌తో. మన తేజస్ విమానంలో పైలట్ ముందుండే హెచ్‌యూడీని తయారుచేసింది చండీగఢ్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఓ. కాబట్టి ఆ షోరూమ్ కుర్రాడు మరీ అబద్ధమేమీ చెప్పలేదు.

డల్లాస్_దొర (ఫ్రిస్కో, టెక్సాస్)
మా కొర్వెట్‌లో 1999 నుంచే ఇస్తున్నారు. మా అంటే నాది కాదు, పక్కింటాయనది.

నాది వేరే గొడవ. రెండేళ్లు టెస్లా మోడల్ 3 నడిపాను. అందులో స్టీరింగ్ వెనక మీటరే లేదు, స్పీడు కూడా మధ్య స్క్రీన్ మూలనే చూడాలి. అలవాటైపోతుంది అన్నారు. అలవాటైంది కూడా. లీజు అయిపోయాక హెచ్‌యూడీ ఉన్న కారు తీసుకున్నాను. అప్పుడు అర్థమైంది, రెండేళ్లపాటు ఎన్నిసార్లు మెడ తిప్పానో. టెక్సాస్ ఎండకి మధ్యాహ్నం అంకె కాస్త పాలిపోతుంది కానీ కనిపిస్తుంది. ఎదురుగా తెల్ల ట్రక్కు ఉంటే మాత్రం కష్టం, తెల్లగోడ మీద తెల్ల సుద్దతో రాసినట్టు. రంగు మార్చుకునే సదుపాయం ఉంటే పచ్చ గానీ నారింజ గానీ పెట్టుకోండి.

బెజవాడ_బుల్లోడు (విజయవాడ)
అందరూ బాగుంది బాగుంది అంటున్నారు, ఇక నా ఏడుపు కూడా వినండి.

పోయిన వేసవిలో సూర్యాపేట దాటాక కంకర టిప్పర్ వెనకాల పోతున్నాను. రాయి ఎగిరొచ్చి ముందద్దానికి తగిలింది. చిన్న నక్షత్రమే కదా అనుకున్నాను. ఏసీ చల్లదనం లోపల, నలభై నాలుగు డిగ్రీల ఎండ బయట, నకిరేకల్ వచ్చేసరికి పగులు అటు చివర నుంచి ఇటు చివరకి పాకింది. సర్వీస్ సెంటర్‌లో అద్దం స్టాకు లేదు, విదేశం నుంచి రావాలి, ఆరు వారాలు అన్నారు. చెప్పిన ధర విని రసీదు రెండోసారి చదివాను. ఆగలేక బయట ఒక షాపులో "అచ్చం అదే సార్" అని మూడో వంతు ధరకి వేశారు.

ఆ రాత్రి హైవే ఎక్కాను. 80 కింద ఇంకో 80! ఒకటి గట్టిగా, ఒకటి నీడలాగా. కల్లు తాగినవాడికి కనిపించినట్టు ప్రతి అంకే జంటగా. బాణం కూడా రెండు. మలుపు ఒకటే. నెలరోజులు ఆపేసి తిరిగి, చివరికి అసలు అద్దమే తెప్పించుకున్నాను. ఒక అద్దానికి బదులు రెండద్దాలకి డబ్బు కట్టాను.

ఆటోనగర్_అద్దాలు (విజయవాడ)
బుల్లోడు అన్నా, మా పనివాళ్ల తరఫున సారీ. ఈ పొరపాటు చాలా షాపుల్లో జరుగుతోంది. వేసేవాడికి కూడా తేడా తెలియదు.

ముందద్దం అంటే రెండు గాజులు, మధ్యలో ఒక ప్లాస్టిక్ పొర. దాన్ని పీవీబీ అంటారు. మామూలు అద్దంలో పొర మందం అంతటా ఒకటే. బొమ్మ లోపలి గాజు మీద ఒకసారి, బయటి గాజు మీద ఇంకోసారి ప్రతిఫలిస్తుంది. అందుకే రెండు అంకెలు. హెచ్‌యూడీ కారు అద్దంలో ఆ పొర పైన మందంగా, కింద పలచగా ఉంటుంది, తలుపు కింద పెట్టే చీలిక చెక్క ఉంటుంది చూడండి, అలా. తేడా మిల్లీమీటర్‌లో చిన్న భాగమే, కంటికి తెలియదు. రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పడి ఒకటే కనిపిస్తుంది. అద్దం పక్కపక్కన పెడితే నాకే తెలియదు, పార్ట్ నంబర్ చూసి వేయాల్సిందే.

ఇంకొకటి. అద్దం మారిస్తే మధ్యలో ఉండే కెమెరాని మళ్లీ కాలిబ్రేట్ చేయించాలి, అంటే చూపు సరిచేయించాలి. లేన్ అసిస్ట్, ఆటో బ్రేకు దాని మీదే ఆధారపడతాయి. అది హెచ్‌యూడీ ఉన్నా లేకున్నా తప్పదు. ఫిల్మ్ వేయించాలనుకునేవాళ్లు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ముందద్దం 70 శాతం వెలుతురు లోపలికి రానివ్వాలన్న రూలు ఎలాగూ ఉంది, పైగా అదనపు పొర పడితే అంకె చుట్టూ మసక వస్తుంది.

ఓఆర్‌ఆర్_సూరి (నల్లగండ్ల)
ఇన్సూరెన్స్‌లో రాదా మరి?

ఆటోనగర్_అద్దాలు (విజయవాడ)
వస్తుంది సార్. గాజు భాగాలకి తరుగు కొయ్యరు, జీరో డెప్ (తరుగు కొయ్యకుండా తీసుకునే యాడ్ఆన్) లేకపోయినా. 1500 సీసీ దాటిన కారుకి తప్పనిసరి కోత రెండు వేలు పోతుంది. అసలు నష్టం నో క్లెయిమ్ బోనస్‌లో. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపి 50 శాతం రాయితీ మీదున్నవాళ్లు ఒక్క అద్దం కోసం క్లెయిమ్ చేస్తే అది సున్నాకి పడిపోవచ్చు. పెద్ద కారు ప్రీమియం మీద అది తక్కువ మొత్తం కాదు. ఆ బోనస్ పోకుండా ఎన్‌సీబీ ప్రొటెక్ట్ అని యాడ్ఆన్ ఉంటుంది, హెచ్‌యూడీ కారు కొనేవాళ్లు అది తీసుకోండి. పాలసీ కాగితంలో అద్దం గురించి ఏం రాశారో చదివి మరీ.

బడ్జెట్_బాబాయ్ (ఖమ్మం)
అంటే అంకె చూడటానికి 4.60 లక్షలు, ఆ అంకె ఒకటిగానే కనిపించడానికి యాడ్ఆన్, దాన్ని చూడటానికి కొత్త కళ్లద్దాలు. నేనేమీ అనట్లేదు, కూడుతున్నానంతే.

వెనకసీటు_రావు (విశాఖపట్నం)
బాబాయ్ గారి లెక్క చదివి నవ్వొచ్చింది. అసలు మన దేశంలో ఈ ధర కార్లు కొనేవాళ్లలో చాలామంది కూర్చునేది వెనక సీట్లో. కంపెనీలు చక్రాల మధ్య దూరం పెంచి మరీ అమ్ముతున్నది అందుకే కదా. నా కారులో డబ్బు కట్టింది నేను, హెచ్‌యూడీ చూసేది మా డ్రైవర్. వెనక నుంచి నాకు ఒక్క చుక్క కూడా కనబడదు. ఆ బొమ్మ కనిపించే చోటు గాల్లో ఒక చిన్న డబ్బా అంత ఉంటుందట, కళ్లు అందులో ఉంటేనే కనిపిస్తుంది.

మొదట్లో మా డ్రైవర్ దాన్ని ఆపేసి నడిపేవాడు. ఎందుకయ్యా అంటే, "సార్, సగం అంకె నరికేసినట్టుంటుంది" అన్నాడు. ఆదివారాలు నేను నడిపేటప్పుడు నా ఆరడుగులకి ఎత్తు సర్దుకుని వదిలేసేవాణ్ని. సోమవారం ఆయన ఐదడుగుల నాలుగంగుళాలతో ఎక్కేవాడు. మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు, సీటు మెమరీ బటన్‌తోపాటే హెచ్‌యూడీ ఎత్తు కూడా గుర్తుంటుందని. 1 నాది, 2 ఆయనది పెట్టుకున్నాం. ఇప్పుడు ఆయన అది లేకుండా నడపనంటున్నాడు. 56 ఏళ్లు. డాక్టర్ గారు రాసింది చదివాక కారణం తెలిసింది.

ఎవరైనా డ్రైవర్‌తో తిరిగేవాళ్లుంటే టెస్ట్ డ్రైవ్‌కి డ్రైవర్‌ని కూడా తీసుకెళ్లండి. నేను తీసుకెళ్లలేదు. మనకి అలవాటు లేదు మరి.

గచ్చిబౌలి_గేర్ (హైదరాబాద్)
అందరూ మామూలు హెచ్‌యూడీ దగ్గరే ఆగిపోయారు. ఇప్పుడు నడుస్తున్నది ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ) హెచ్‌యూడీ కాలం. కొత్త మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో బాణం రోడ్డు మీదే గీసినట్టు కనిపిస్తుంది. అంతదాకా ఎందుకు, మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ పై వేరియంట్లలోనూ ఏఆర్ ఇచ్చారు. అరకోటి దాటిన కారులో మామూలు అంకె ఇవ్వడం సిగ్గుచేటు.

కటకం (స్టుట్‌గార్ట్)
సిగ్గు సంగతి ఏమోగానీ, ఏఆర్ కోసం ఆగమని మాత్రం నేను చెప్పను. ఎస్ క్లాస్‌లో బొమ్మ సుమారు పది మీటర్ల దూరంలో, 77 అంగుళాల టీవీ అంత ఉన్నట్టు కనిపిస్తుందని మెర్సిడెస్ చెబుతుంది. చూడటానికి అద్భుతం. అంత దూరంలో అంత పెద్ద బొమ్మ కావాలంటే లోపలి అద్దాలు పెద్దవి కావాలి, డ్యాష్‌బోర్డ్ కింద చోటు ఎక్కువ కావాలి. ఇంకో తలనొప్పి ఏమిటంటే, బయటికి కాంతి వెళ్లే దారే ఎండ లోపలికి వచ్చే దారి కూడా. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చలేదూ? ఎండ ఒక కోణంలో వస్తే లోపలి పుటాకార దర్పణం దాన్ని తెర మీదికే కేంద్రీకరిస్తుంది. మేము సగం రోజులు పోట్లాడేది దానితోనే.

ఏఆర్‌లో గీసే బాణం రోడ్డుకి అతికినట్టు ఉండాలంటే కారు ఎక్కడుందో, ఎటు ఊగుతోందో క్షణక్షణం తెలియాలి. మన రోడ్ల మీద గుంతలో చక్రం పడగానే బాణం పక్క ఇంటి గేటులోకి చూపిస్తే, ఆ గొప్ప ఎందుకు?

ఇంకో మాట, ఇది ఏఆర్‌కే కాదు అన్నిటికీ. కళ్లు రోడ్డు వైపు ఉన్నంత మాత్రాన మనసు రోడ్డు మీద ఉన్నట్టు కాదు. 1980లో నాసా వాళ్లు సిమ్యులేటర్‌లో పైలట్లతో ఒక పరీక్ష చేశారు. హెచ్‌యూడీ చూస్తూ దిగుతున్న అనుభవజ్ఞుల్లో కొందరు ఎదురుగా రన్‌వే మీదికి వచ్చిన ఇంకో విమానాన్నే గమనించలేదు. అంకెల్లోంచే చూస్తున్నారు, విమానం మాత్రం కనబడలేదు. తార గారు మూడే ఉంచుకున్నానన్నారు చూడండి, అదే సరైన వాడకం. నా సొంత కారులో రెండే.

గచ్చిబౌలి_గేర్ (హైదరాబాద్)
అయితే మీ కంపెనీలో ఏఆర్ టీమ్ జీతాలు దండగన్నమాట 😄

కటకం (స్టుట్‌గార్ట్)
ఆ టీమ్‌లో మా ఆవిడ పనిచేస్తోంది. ఈ చర్చ ఆమెకి చూపించకండి.

లోకాస్ట్_లక్ష్మణ్ (కర్నూలు)
ఆన్‌లైన్‌లో మూడు వేలకి ఓబీడీ హెచ్‌యూడీ దొరుకుతోంది కదా, స్టీరింగ్ కింద సాకెట్‌లో గుచ్చితే చాలు. సూరి గారు కింది వేరియంట్ కొని అది పెట్టుకోవచ్చు.

టెస్ట్‌డ్రైవ్_తార (కొండాపూర్)
మా తమ్ముడు పాత కారులో పెట్టాడు. అది మామూలు అద్దం కాబట్టి బుల్లోడు గారి జంట అంకెలే వచ్చాయి. దానికి విరుగుడుగా అద్దానికి ఒక ఫిల్మ్ ముక్క అంటించమన్నారు. ఏప్రిల్ ఎండకి ఆ ముక్క ముడుచుకుంది, పరికరం కింద జిగురు కరిగి బ్రేకు వేసినప్పుడల్లా డ్యాష్‌బోర్డ్ మీద జారుతూ తిరిగేది. కొత్త లగ్జరీ కారు సాకెట్‌లో ఇలాంటివి గుచ్చితే రేపు వారంటీ దగ్గర మాటపడాల్సి రావచ్చు కూడా. వద్దు.

బడ్జెట్_బాబాయ్ (ఖమ్మం)
నాకు ఒక సందేహం, వెటకారం కాదు. డ్యాష్‌బోర్డ్ మీద వినాయకుడు ఎక్కడ కూర్చుంటాడు?

వెనకసీటు_రావు (విశాఖపట్నం)
మంచి ప్రశ్న. స్టీరింగ్ ముందు, హెచ్‌యూడీ కాంతి బయటికొచ్చే గుంత మీద మాత్రం కాదు. మధ్యకి జరపండి. మా ఇంట్లో కొత్తలో మెరిసే ఇత్తడి విగ్రహం పెట్టాం. మిట్టమధ్యాహ్నం దాని నీడ అద్దంలో కనిపించేది. మాట్ రంగు చిన్న విగ్రహం మార్చాక సరిపోయింది. తెల్ల గుడ్డ, టిష్యూ డబ్బా, టోల్ రసీదులు కూడా అక్కడ పెట్టకండి, అన్నీ అద్దంలో ప్రతిబింబిస్తాయి.

ఓఆర్‌ఆర్_సూరి (నల్లగండ్ల)
పది రోజుల తర్వాత వస్తున్నాను. డాక్టర్ గారి మాట విని షోరూమ్‌లో గట్టిగా అడిగితే రెండు విడతలు కారు ఇచ్చారు. మధ్యాహ్నం ఒంటిగంటకి గంటసేపు, రాత్రి ఎనిమిదికి ఇంకో గంట. కొల్లూరు దగ్గర ఓఆర్‌ఆర్ ఎక్కి శంషాబాద్ వరకు, మళ్లీ వెనక్కి.

మధ్యాహ్నం పోలరైజ్డ్ అద్దాలతో అంకె దాదాపు మాయం. కటకం గారు చెప్పినట్టు తల వంచితే వెలిగింది. పక్కనున్న కుర్రాడికి ఈ సంగతి తెలియదు, అతనికి నా అద్దాలు ఇచ్చి చూపించాను. నా మామూలు ప్రోగ్రెసివ్‌లతో స్పష్టంగా ఉంది. గడ్డం ఎత్తలేదు. ఇదొక్కటే చాలా తేడా అనిపించింది.

అనుకోనిది ఇంకొకటి. ఓఆర్‌ఆర్ మీద 120 లిమిట్ దగ్గర నేను ఎప్పుడూ 125, 128 అయ్యాక చూసుకుంటాను. ఆ వేగంలో సెకనుకి 33 మీటర్లు పోతాం, కిందికి చూడటానికే భయమేసి చూడటం మానేస్తున్నానని ఇప్పుడు తెలిసింది. అంకె ఎదురుగా ఉంటే 118 దగ్గరే కాలు దానంతట అదే తేలికవుతోంది. మా ఆవిడ పక్క సీట్లోంచి ఎంత వంగినా ఆ అంకె ఆమెకి కనబడలేదు. దానికి కొంచెం నొచ్చుకుంది.

రాత్రి మాత్రం ఆటో బ్రైట్‌నెస్ నాకు ఎక్కువే అనిపించింది. తగ్గించుకున్నాక బాగుంది. ఫోన్‌లోని మ్యాప్ బాణం ఈ కారు హెచ్‌యూడీలోకి వస్తుందా అని కూడా అక్కడే ఫోన్ కలిపి చూశాను. వస్తోంది. దీన్ని మాటల్లో నమ్మొద్దు, కొన్ని కార్లలో కారు సొంత మ్యాప్ మాత్రమే వస్తుందట.

ఇక డబ్బులు. కిందిది కొని మిగిలిన 4.60తో ఏం చేస్తామని ఇంట్లో మూడు రోజులు చర్చ. చివరికి పై వేరియంట్ బుక్ చేశాను. కొత్తది కాదు, షోరూమ్ వాళ్ల డెమో కారు, తొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగింది. కొత్త కింది వేరియంట్ ధరకి కాస్త అటూ ఇటూగా వస్తోంది. బాబాయ్ గారి కూడిక చదివాకే ఈ ఆలోచన తట్టింది.

బడ్జెట్_బాబాయ్ (ఖమ్మం)
శభాష్. ఇది ముందే చెప్పి ఉంటే నేను రెండో పోస్టులోనే ఒప్పుకునేవాణ్ని.

ఆటోనగర్_అద్దాలు (విజయవాడ)
డెమో కారు అంటే డెలివరీకి ముందు అద్దం మూలనున్న కంపెనీ గుర్తు, తయారీ కోడు మిగతా అద్దాలతో సరిపోతుందో లేదో చూడండి సార్. చాలామంది చేతుల్లో తిరిగిన బండి, మధ్యలో అద్దం మార్చి ఉండొచ్చు. రాత్రిపూట కూడా బాగుందన్నారు కాబట్టి భయం లేదు, అయినా చూడండి.

ఓఆర్‌ఆర్_సూరి (నల్లగండ్ల)
చూశాను, సరిపోయింది. నిన్న డెలివరీ కూడా అయింది. మియాపూర్‌లో మా గుడి దగ్గర పూజ చేయించాం. నిమ్మకాయలు తొక్కించాం, కొబ్బరికాయ కొట్టాం. పూజారి గారు బానెట్ మీద స్వస్తిక్ వేసి, ముందద్దం మీద కూడా పసుపు, కుంకుమతో పెద్ద బొట్టు పెట్టారు. ఎక్కడ పెట్టారో చెప్పనక్కర్లేదు కదా. ఇంటికొచ్చే దారంతా నా స్పీడు కుంకుమబొట్టు వెనక నుంచి తొంగిచూస్తూ వచ్చింది.

తుడిచేద్దామంటే మూడు రోజులు ఆగమంటున్నారు మా అత్తగారు.

బెజవాడ_బుల్లోడు (విజయవాడ)
ఆగండి సార్. ఆ తర్వాత కూడా పొడిగుడ్డతో రుద్దకండి, గీతలు పడతాయి. ముందు నీళ్లు పోసి నానబెట్టండి. అద్దం ధర నాకు తెలుసు.